ఉద్యానశిల్పి స్కెల్ : జీవితం - కళ

మన తెలుగు కావ్యాలకు లాక్షణికులు విధించిన అష్టాదశ వర్ణనలలో ఉద్యాన విహారం ఒకటి. వసంతం రాగానే ఉపవనానికి తరలి వెళ్ళడం, పూలు కోయడం, కొలనులో జలక్రీడలాడడం ప్రబంధాలలో పరిపాటి. ఉర్దూ గజలునకు చమన్ ప్రాణం. గుల్, బుల్‌బుల్ అనే మాటలు లేకుండా ఆ కవిత్వాన్ని ఊహింపజాలము. ఈ రెండు సాహిత్యాలలోను ఒక సామ్యం కలదు. తోటలో విహరించిన వారిని గురించి కవులు విస్తారంగా వ్రాసినారు. తోటను వేసినవానిని గురించి వ్రాసినది స్వల్పం. ఉర్దూ కవితలో బాగ్‌బాన్ కనిపించినా, అతడు తరచుగా ఒక ప్రతీకయే కాని, మట్టిలో చేతులు పెట్టిన మనిషి కాడు.

అట్టి మనిషి నొకనిని విద్యార్థులకు పరిచయం చేయదలచి ఈ వ్యాసం వ్రాయుచున్నాము. ఆయన పేరు ఫ్రీడ్రిక్ లుడ్విగ్ ఫాన్ స్కెల్. జర్మన్ దేశంలో ప్రకృతి శైలి ఉద్యాన రచనకు దారి తీసిన ప్రముఖులలో ఆయన ఒకడు. ఆయన జీవితంలో తేదీలకంటె మించి గమనింపదగిన విషయం ఒకటి ఉన్నది. అభిరుచి మారినపుడు పూర్వులు నిర్మించిన దానిని ఏమి చేయవలెననే ప్రశ్న ఆయన ముందు మాటిమాటికి నిలిచినది. ఆ ప్రశ్నకు ఆయన మాటలతో కాక చెట్లతో, నీటితో, నేలతో సమాధానం చెప్పినాడు. ఆ సమాధానాన్నే మనమిక్కడ పరిశీలింతము.

బాల్యం - విద్య

స్కెల్ 1750 సెప్టెంబరు 13న లాన్ నది ఒడ్డున ఉన్న వైల్‌బుర్గ్ పట్టణంలో జన్మించినాడు. తోటపని ఆయనకు కులవిద్య వంటిది. తండ్రి యోహాన్ విల్‌హెల్మ్ స్కెల్ ఆస్థాన ఉద్యానపాలకుడు. ఆ రోజులలో జర్మనీ ఒకే రాజ్యం కాదు. అనేక సంస్థానాల సముదాయం. అందులో పలాటినేట్ సంస్థానానికి కార్ల్ థియోడోర్ ప్రభువు. ఆయన వేసవి విడిది ష్వెట్సింగెన్. స్కెల్ తండ్రి ఆ విడిది ఉద్యానంలో కొలువు కుదరగా, బాలుడు అక్కడనే పెరిగి, పాదులు త్రవ్వడం, అంట్లు కట్టడం, కంచెలు కత్తిరించడం నేర్చినాడు.

యువకుని ప్రతిభను గుర్తించిన కార్ల్ థియోడోర్ ఆయనను పైచదువునకు పరదేశాలకు పంపినాడు. మొదట ఫ్రాన్సు, తరువాత ఇంగ్లండు. 1773 నుండి సుమారు మూడు సంవత్సరాల పాటు స్కెల్ ఇంగ్లండులో ఉండి అక్కడి ఉద్యానాలను పరిశీలించినాడు. ఈ రెండు దేశాలలో ఆయన చూచినవి రెండు భిన్న సంప్రదాయాలు. వాని భేదం తెలియనిదే స్కెల్ కృషి అర్థం కాదు.

రెండు సంప్రదాయాలు

మొదటిది ఫ్రెంచి సంప్రదాయం. 17వ శతాబ్దంలో ఆంద్రె ల నోత్ర్ వెర్సాయ్ రాజభవనం ముందు దీనికి పరాకాష్ఠ కల్పించినాడు. ఇందులో తోట భవనానికి పొడిగింపు. రాజు కిటికీలో నిలిచి చూచినపుడు నడిమి దారి బాణం వలె దిగంతం వరకు సాగవలెను. ఇరుప్రక్కల మడులు తక్కెడలో తూచినట్లు సమానంగా ఉండవలెను. చెట్లను గోడలుగా, గోళాలుగా కత్తిరింతురు. నీరు రాతి గట్ల నడుమ నిలుచును. కొలతాడు, వృత్తలేఖిని ఈ కళకు పనిముట్లు. మన దేశంలో హుమాయూన్ సమాధి చుట్టూ కనిపించే చార్‌బాగ్ పద్ధతికి పుట్టుక వేరు, భావం వేరు. అయినను సరళరేఖ, సమభాగం అనే రెండు గుణాలలో ఈ రెంటికిని పోలిక కలదు.

రెండవది ఇంగ్లీషు సంప్రదాయం. 18వ శతాబ్దంలో విలియం కెంట్, ఆయన తరువాత ‘కేపబిలిటీ’ బ్రౌన్ అని ప్రసిద్ధుడైన లాన్సెలాట్ బ్రౌన్ దీనిని వ్యాప్తి చేసినారు. ఇందులో సరళరేఖకు తావు లేదు. విశాలమైన పచ్చిక బయళ్ళు, అక్కడక్కడ చెట్ల గుంపులు, వంపులు తిరిగే నీరు, మెల్లగా లేచి దిగే నేల, ఇవి దీని లక్షణాలు. ఇదంతయు మనిషి చేసినదే. కాని చేసినట్లు తెలియరాదు. శ్రమను దాచుటయే ఇందలి నేర్పు.

ఈ కొత్త అభిరుచి ఇంగ్లండులో కొంత నష్టాన్ని కూడ కలిగించినది. తాతల నాటి చెట్ల బాటలను నరికించి, వాని స్థానంలో ‘సహజమైన’ బయళ్ళు వేయడం ధనవంతులకు వేడుక అయినది. వాస్తుశిల్పి విలియం చేంబర్స్ 1772లో ప్రకటించిన గ్రంథంలో ఈ ధోరణిని తీవ్రంగా ఖండించినాడు. పలు తరాలలో పెరిగిన చెట్లను గొడ్డలి ఒక్క దినంలో నేల కూల్చుచున్నదని ఆయన ఆవేదన. ఆ మరుసటి సంవత్సరమే స్కెల్ ఇంగ్లండులో అడుగుపెట్టినాడు. అనగా ఆయన ఆ కళలోని అందాన్నీ, దానితో వచ్చిన విధ్వంసాన్నీ ఒకే కాలంలో చూచే అవకాశం కలిగినది.

ష్వెట్సింగెన్ : మొదటి పరీక్ష

స్వదేశానికి తిరిగివచ్చిన స్కెల్‌కు 1777 ప్రాంతంలో ష్వెట్సింగెన్‌లోనే తొలి అవకాశం లభించినది. అది పెద్ద చిక్కు కూడ. ఎందువల్లననగా, అక్కడ అప్పటికే ఒక ప్రశస్తమైన సరళరేఖా ఉద్యానం ఉన్నది. 1753 నుండి యోహాన్ లుడ్విగ్ పెత్రి అనే తోటశిల్పి, తరువాత నికొలా ద పిగాజ్ అనే వాస్తుశిల్పి దానిని తీర్చినారు. భవనం ముందు ఒక మహా వృత్తం, దానిలో పూలమడులు, జలయంత్రాలు, చుట్టూ వరుస చెట్లు. ఆ వృత్తమే ఆ తోటకు ప్రసిద్ధి.

ఇంగ్లండు నుండి కొత్త విద్యతో వచ్చిన యువకుడు ఆ వృత్తాన్ని చెరిపివేయుటకు పూనుకొనినచో ఆనాటి అభిరుచి ఆయనను మెచ్చుకొనియుండెడిది. స్కెల్ ఆ పని చేయలేదు. వృత్తాన్ని యథాతథంగా ఉంచి, తోట అంచులలో తన పనిని ప్రారంభించినాడు. అక్కడ వంపు తిరిగే నీటి పాయలు, పచ్చిక బయళ్ళు, నానాదేశాల చెట్లతో ఒక వృక్షవాటిక వెలసినవి. భవనం నుండి బయలుదేరిన సందర్శకుడు మొదట క్రమబద్ధమైన మడుల మధ్య నడుచును. క్రమక్రమంగా రేఖలు సడలును, చెట్లు స్వేచ్ఛగా పెరుగును. రెండు యుగాలు ఒకే తోటలో ఇరుగుపొరుగువలె నిలిచినవి.

ఈ తోటలోనే మరియొక విశేషం కలదు. పిగాజ్ 1779లో ప్రారంభించిన మసీదు కట్టడం ఇక్కడ ఉన్నది. గుంబజు, రెండు మీనారులు, గోడలపై అరబ్బీ సూక్తులు, ముందు వసారాలతో కూడిన ఆవరణ గల ఈ కట్టడాన్ని నమాజు కొరకు నిర్మించలేదు. తూర్పు దేశాల జ్ఞానంపట్ల ఆనాటి యూరప్ విద్యావంతులకు కలిగిన కుతూహలానికి అది ఒక గుర్తు. 18వ శతాబ్దపు యూరప్ ఉద్యానాలలో వెలసిన ఇట్టి కట్టడాలలో నేటికీ నిలిచియున్నది ఇదియే. 1870-71లో జరిగిన ఫ్రాన్సు-జర్మనీ యుద్ధ కాలంలో, సమీప సైనిక వైద్యశాలలో ఉన్న ముస్లిం యుద్ధఖైదీలు ఇందులో ప్రార్థన చేసిరని చెప్పుదురు. అలంకారం కొరకు కట్టినది ఆర్తులకు ఆశ్రయమైనదన్నమాట.

ష్వెట్సింగెన్‌లోని పని స్కెల్‌కు పేరు తెచ్చినది. అషాఫెన్‌బుర్గ్ సమీపంలో మైన్జ్ ఆర్చిబిషప్పునకు చెందిన షోన్‌బుష్ ఉద్యానాన్ని తీర్చిదిద్దే పని కూడ ఆయనకు లభించినది.

ప్రజల కొరకు ఒక తోట

1777 చివర కార్ల్ థియోడోర్‌కు బవేరియా రాజ్యం వారసత్వంగా సంక్రమించినది. ఆయన తన ఆస్థానాన్ని మ్యూనిక్ నగరానికి తరలించినాడు. అక్కడి ప్రజలకు ఈ కొత్త ప్రభువు పట్ల మక్కువ లేదు. ఆ ప్రభువు కొలువులో అమెరికాలో జన్మించిన బెంజమిన్ థాంప్సన్ అనే ఆయన సైన్య సంస్కరణకు పూనుకొన్నాడు. పదార్థ విజ్ఞాన విద్యార్థులు ఈయనను కౌంట్ రమ్‌ఫర్డ్ అనే పేరుతో, ఉష్ణ స్వభావంపై చేసిన ప్రయోగాల ద్వారా ఎరుగుదురు. శాంతికాలంలో సైనికులు తమ కూరగాయలు తామే పండించుకొనుటకు తోటలు వేయించవలెనని థాంప్సన్ తలచినాడు. ఇసార్ నది ప్రక్కన ప్రభువుల వేట భూమి అందుకు అనువుగా కనిపించినది.

ఆ ఆలోచన పెరిగి పెద్దదైనది. సైనికుల తోటల ప్రక్కనే నగర ప్రజలందరికీ ఒక ఉద్యానం ఉండవలెనని 1789 ఆగస్టు 13న ప్రభుత్వ శాసనం వెలువడినది. పారిస్‌లో ప్రజలు బాస్టీయ్ కోటను పట్టుకొని అప్పటికి సుమారు ఒక మాసం. ఈ తేదీల సామీప్యాన్ని చరిత్ర విద్యార్థులు గమనింతురు గాక. ఉద్యాన రచనకు ష్వెట్సింగెన్ నుండి స్కెల్‌ను పిలిపించినారు. అప్పుడాయనకు 39వ ఏడు నడచుచున్నది.

స్థలం సుముఖమైనది కాదు. అది నది పొంగినపుడెల్ల మునిగే నేల. 1790లో కరకట్ట నిర్మించి వరదను అరికట్టినారు. నది నుండి చీలివచ్చే పాయలను పూడ్చక, వానినే తోటకు అందంగా మలచినారు. 1790లోనే చైనా గోపురమని పేరు పొందిన దారు నిర్మాణం లేచినది. 1792 వసంతంలో తోట ద్వారాలు ప్రజలకు తెరచినారు. అప్పటి మ్యూనిక్ జనాభా సుమారు 40,000. ఆ తోటకే ఇంగ్లీషు ఉద్యానమని పేరు నిలిచినది.

రాజుల తోటలలోనికి ప్రజలను దయతో అనుమతించడం అంతకు పూర్వం కూడ ఉన్నది. కాని ఆరంభం నుండియు ప్రజల కొరకే వేసిన తోట అనేది ఆ కాలానికి కొత్త భావన. కీల్ నగరంలో ఆచార్యుడైన హిర్ష్‌ఫెల్డ్ 1779 - 1785 సంవత్సరాల మధ్య వెలువరించిన ఉద్యానకళా సిద్ధాంత గ్రంథంలో ఇట్టి ప్రజోద్యానాల అవసరాన్ని ప్రతిపాదించినాడు. మ్యూనిక్‌లో ఆ ప్రతిపాదన నేలమీదికి దిగినది.

1804లో అప్పటి పాలకుడు మాక్సిమిలియన్ యోసెఫ్ స్కెల్‌ను మ్యూనిక్‌లో ఆస్థాన ఉద్యానాల అధికారిగా నియమించినాడు. నాటి నుండి మరణించు వరకు ఆయన ఆ నగరంలోనే ఉండెను. 1807లో ఇంగ్లీషు ఉద్యానం గురించి ఆయన ప్రభుత్వానికి ఒక విజ్ఞాపన సమర్పించినాడు. ప్రజోద్యానం వలన ప్రయోజనమేమి అనేది అందులో ఒక ముఖ్యాంశం. పని చేసి అలసిన వారికి విశ్రాంతి, శరీరానికి వ్యాయామం, ఆరోగ్యం, అన్నిటికి మించి భిన్న వర్గాల ప్రజలు ఒకేచోట కలిసి మెలిసి తిరిగే అవకాశం. ఆయన దృష్టిలో తోట అలంకారం మాత్రమే కాదు, నగర జీవితానికి అవసరమైన సంస్థ. పాఠశాల వంటిది, వైద్యశాల వంటిది.

ఆ దృష్టితోనే ఆయన తోటను సవరించినాడు. విశేష కట్టడాలు తగ్గించి, బయళ్ళను విశాలం చేసినాడు. ఉత్తర భాగంలోని క్లైన్‌హెస్సెలోహె సరస్సును 1807 - 1812 మధ్య విస్తరింపజేసినాడు. కట్టడాన్ని చూచి ఆశ్చర్యపడుటకు చదువు కావలెను. పచ్చికను, నీటిని, నీడను అనుభవించుటకు ఏ చదువూ అక్కరలేదు. ప్రజల తోటకు ఈ రెండవది తగినదని మనకు తోచును.

నింఫెన్‌బుర్గ్ : పాతకొత్తల సంధి

మ్యూనిక్ శివార్లలో నింఫెన్‌బుర్గ్ రాజభవనం కలదు. 18వ శతాబ్ది ఆరంభంలో ఫ్రెంచి శిల్పులు దానికి వెర్సాయ్ పద్ధతిలో తోట వేసినారు. నడుమ సరళమైన పొడవాటి కాలువ, చివర జలపాతం, ఇరువైపుల అడవిలో చిన్న చిన్న విహార భవనాలు. దీనిని ప్రకృతి శైలికి మార్చే బాధ్యత స్కెల్‌పై పడినది. గోడల లోపలి విస్తీర్ణమే సుమారు 180 హెక్టార్లు.

ఇక్కడ ఆయన చేసినది ఆయన కృషికంతకు మకుటాయమానం. నడిమి కాలువను, జలపాతాన్ని, భవనం ముందరి మడిని ఆయన చెరపలేదు. మడిలోని చిక్కు అలంకారాలను మాత్రం తేలిక చేసినాడు. విహార భవనాలను కూలగొట్టలేదు. అవి ఉన్న చోటనే ఉన్నవి; వాని చుట్టూ ప్రకృతి దృశ్యం మారినది. బాదెన్‌బుర్గ్ అనే స్నానభవనం ముందు ఒక సరస్సు, పగోడెన్‌బుర్గ్ అనే భవనం ముందు మరొక సరస్సు త్రవ్వించినాడు. ఒకప్పుడు సరళమైన బాట చివర కనిపించిన భవనం, ఇప్పుడు నీటి ఒడ్డున చెట్ల నడుమ హఠాత్తుగా ప్రత్యక్షమగును. అడవిలో చెట్లను తొలగించి చూపు సాగే దారులు తెరచినాడు. తోట సరిహద్దు వద్ద గోడకు బదులుగా కందకం ఉంచే ఇంగ్లీషు ఉపాయం కూడ ఇక్కడ కనిపించును. కందకం దూరం నుండి కానరాదు. కనుక తోట ఎక్కడ ముగిసినదో, పొలాలు ఎక్కడ మొదలైనవో చూచువానికి తెలియదు.

సరళరేఖ వంపును పాడుచేయలేదు, వంపు సరళరేఖను వెక్కిరించలేదు. ఇది రాజీ కాదు. రెండింటి స్వభావాలు ఎరిగినవాడు దేని స్థానం దానికి ఇచ్చుటయే.

ఆయన పనిచేసిన తీరు

స్కెల్ తన అనుభవాన్ని 1818లో ఒక గ్రంథంగా ప్రకటించినాడు. ఉద్యానకళకు కొన్ని చేర్పులు అని చెప్పదగినది దాని పేరు. పండితుని వాదనలకంటె పనివాని అనుభవం అందులో అధికం. భవనాల చెంత, ఠీవి కావలసిన ప్రదేశాలలో పాత సరళరేఖా శైలి పూర్తిగా తగనిది కాదని ఆయన అంగీకరించినాడు. కొత్త శైలి నాయకుడే ఈ మాట చెప్పుట గమనింపదగును.

ఆ గ్రంథంలో ఆయన వర్ణించిన పద్ధతి ఒకటి ముచ్చటైనది. వంపు తిరిగే బాటను, సరస్సు ఒడ్డును కాగితంపై గీసి నేలమీదికి ఎక్కించుటతోనే తృప్తిపడక, ఆయన స్వయంగా ఆ స్థలంలో నడిచెడివాడు. చేతిలో నిలువెత్తు మొనకర్ర. తల ఎత్తి, కన్నులు ముందున్న నేలపై నిలిపి, ఊహలోని రేఖ వెంట ఆగక నడుచుచుండగా కర్ర మొన నేలపై గీత గీయుచు వచ్చును. వెనుక పనివారు ఆ గీత వెంట కర్రమేకులు పాతుచు వత్తురు. కొలతాడుతో గీచిన వంపు నేల ఎత్తుపల్లాలను ఎరుగదు. నడిచే కాలు ఎరుగును. నడవవలసిన బాటను నడిచియే గీయవలెననుటలో ఎంతో ఔచిత్యం ఉన్నది.

చెట్లు నాటుటలో కూడ ఆయనకు ఒక క్రమం కలదు. నానాజాతులను కలగాపులగంగా నాటినచో కంటికి విశ్రాంతి ఉండదు. ఒకే జాతిని పెద్ద గుంపుగా నాటి, అంచులలో మాత్రం ప్రక్క జాతితో కలియనిచ్చినచో, అడవిలో వలె ఒక గుంపు మరొక గుంపులోనికి మెల్లగా ఒదిగిపోవును.

చివరి సంవత్సరాలు

1808లో బవేరియా ప్రభుత్వం ఆయనకు వీరపదవి ప్రసాదించగా ఆయన పేరులో ‘ఫాన్’ చేరినది. తోటమాలి కుమారుడు ప్రభువర్గంలో చేరుట ఆ కాలంలో సామాన్య విషయం కాదు. మ్యూనిక్ పాత కోటగోడలు దాటి విస్తరించే వేళ నగర ప్రణాళికలో ఆయన పాలుపంచుకొన్నాడు. అక్కడి వృక్షశాస్త్ర ఉద్యానానికి, రైన్ నది తీరాన బీబ్రిక్ భవన ఉద్యానానికి రూపకల్పన చేసినాడు. 1823 ఫిబ్రవరి 24న, 72 ఏండ్ల వయస్సులో మ్యూనిక్‌లో మరణించినాడు. ఆయన పదవి అన్న కొడుకో తమ్ముని కొడుకో అయిన కార్ల్ ఆగస్ట్ స్కెల్‌కు సంక్రమించినది. మరుసటి సంవత్సరం క్లైన్‌హెస్సెలోహె సరస్సు ఒడ్డున ఆయనకు స్మారక స్తంభం నిలిపినారు.

ఒక లెక్క ఇక్కడ గుర్తుంచుకొనదగును. 1804లో స్కెల్ మ్యూనిక్‌లో నాటించిన మొక్కకు ఆయన మరణించునాటికి 19 ఏండ్లే. చిత్రకారుడు తన చిత్రాన్ని పూర్తిగా చూచుకొనును. కవి తన కావ్యాన్ని చదువుకొనును. ఉద్యానశిల్పికి ఆ భాగ్యం లేదు. తాను ఊహించిన నీడలో కూర్చొనువారు ఇంకను జన్మింపని వారు. అందుచేత ఈ కళకు ఓర్పుతో పాటు పరుల మీద నమ్మకం కూడ అవసరం. తన తరువాత వచ్చువాడు గొడ్డలి పట్టడని నమ్మవలెను. తన ముందటివాని చెట్లపై తాను గొడ్డలి పట్టినవానికి ఆ నమ్మకం ఎట్లు కలుగును?

ఆ నమ్మకం సర్వత్ర ఫలింపదు. మ్యూనిక్ తోటలోని చైనా గోపురం రెండవ ప్రపంచయుద్ధంలో 1944లో కాలిపోయినది. 1952లో తిరిగి నిర్మించినారు. 1960లలో వెడల్పు చేసిన రహదారి ఆ తోటను రెండు ముక్కలుగా చీల్చినది. మన దేశంలో తాజ్‌మహల్ ముందరి చార్‌బాగ్ సైతం 20వ శతాబ్ది ఆరంభానికి తన పూర్వపు వృక్షసంపదను, పూలమడులను కోల్పోయి, ఇంగ్లీషు అభిరుచికి తగిన పచ్చిక బయలుగా మారినది. అదే ఇంగ్లీషు అభిరుచిని స్వయంగా నేర్చివచ్చిన స్కెల్, పాత వృత్తాన్ని ముట్టకపోవుట ఎంత నిగ్రహమో దీనివలన తెలియును.

ఉపసంహారం

స్కెల్ తరువాతి తరంలో లెన్నె, ప్యూక్లర్ వంటి ఉద్యానశిల్పులు జర్మనీలో ఈ కళను మరింత ముందుకు తీసికొనిపోయినారు. మ్యూనిక్‌లోని ఇంగ్లీషు ఉద్యానం నేడు సుమారు 375 హెక్టార్ల విస్తీర్ణంతో, ప్రపంచంలోని పెద్ద నగరోద్యానాలలో ఒకటిగా ఉన్నది. దానికి నేటికీ ప్రవేశ రుసుము లేదు.

విద్యార్థులారా! కొత్తది నేర్చినవానికి పాతది చులకనగా కనిపించుట సహజం. పాతది ఎరిగినవానికి కొత్తది అపచారంగా తోచుటయు సహజమే. ఈ రెండు సహజాలను దాటినవాడు అరుదు. స్కెల్ అట్టివాడు. రెండు భాషలు, రెండు సాహిత్యాలు ప్రక్కప్రక్కన చదువుకొనే మీకు ఆయన తోటల మర్మం త్వరగా బోధపడగలదు. ఒకదానిని పెంచుటకు రెండవదానిని నరకనక్కరలేదు. నేలలో ఇద్దరికీ చోటు కలదు. ఆ చోటును చూడగల కన్ను కావలెను, దానిని నడిచి కొలువగల కాలు కావలెను.